గురుగ్రామ్: కట్టిన చట్టం, కట్టేయబోయిన చట్టం

ఢిల్లీ విమానాశ్రయం దాటి జైపూర్ రహదారి ఎక్కితే కాసేపటికే అద్దాల మేడలు మొదలవుతాయి. అక్కడ రాష్ట్రం మారుతుంది, చట్టమూ మారుతుంది. ఆ మేడలు సరిహద్దుకు అవతలే ఎందుకు లేచాయో తెలియాలంటే 1957కు వెళ్లాలి. ఆ ఏటి ఢిల్లీ అభివృద్ధి చట్టంతో ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) పుట్టింది. భూసేకరణ, లేఅవుట్లు క్రమంగా దాని గుప్పిట్లోకి వెళ్లాయి. చోటు కరువైన డీఎల్‌ఎఫ్ లాంటి స్థిరాస్తి సంస్థలు పక్క రాష్ట్రం వైపు చూశాయి. 1975లో హర్యానా పట్టణ ప్రాంతాల అభివృద్ధి, నియంత్రణ చట్టం తెచ్చింది. రైతు దగ్గర భూమి కొని, లైసెన్సు తీసుకుని, రుసుము కట్టి ప్రైవేటువారే కాలనీ వేయొచ్చు. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత విదేశీ కంపెనీలు ఆఫీసులు వెతుక్కునే నాటికి గురుగ్రామ్‌లో స్థలం సిద్ధంగా ఉంది.

ఆ చట్టంలో పెద్ద లోటూ ఉంది. కాలనీ లోపలి రోడ్డు డెవలపర్ వేశాడు. బయటి మురుగు కాలువ ఎవరి పనో ఏళ్ల తరబడి తేలలేదు. మున్సిపల్ కార్పొరేషన్ వచ్చింది 2008లో. మహానగర అభివృద్ధి సంస్థకు చట్టం చేసింది 2017లో. గట్టి వాన పడితే నేటికీ ఆ నగరం మోకాలి లోతు నీళ్లలో ఆగిపోతోంది. పెట్టుబడిని పిలిచే చట్టంలోనే కాలువ బాధ్యత కూడా రాసి ఉండాల్సింది.

అదే హర్యానా 2020లో మరో చట్టం చేసింది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థల్లో నెలకు 30 వేల రూపాయల లోపు ఉద్యోగాలలో 75 శాతం స్థానికులకే ఇవ్వాలంది. 2022 జనవరి 15న అది అమల్లోకి వచ్చింది. రాజ్యాంగ విరుద్ధమంటూ 2023 నవంబరు 17న పంజాబ్, హర్యానా హైకోర్టు కొట్టేసింది. రాష్ట్రం సుప్రీంకోర్టుకెక్కింది.

ఇది మనకు కొత్త కథ కాదు. 2019లోనే ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకంటూ చట్టం చేసింది. భూమి ఇచ్చిన ఊళ్లో కుర్రాళ్లు ఖాళీగా ఉంటే కడుపు మండదా? ఆ బాధ నిజం, మందే తప్పు. గేటు దగ్గర పుట్టిన ఊరు అడగడం మొదలైతే, పొరుగు రాష్ట్రాల్లో పనిచేస్తున్న మన పిల్లలనూ రేపు అదే ప్రశ్న అడుగుతారు. అయినా ఆంధ్ర చట్టంలో ప్రాణమున్న మాట ఒకటుంది: నైపుణ్యం ఉన్న స్థానికులు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో శిక్షణ ఇవ్వాలి.

తెలంగాణ 2014లో పరిశ్రమల అనుమతుల కోసం చేసిన టీఎస్-ఐపాస్ చట్టంతో మరో దారి పట్టింది. భారీ ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతి. గడువు దాటితే ఇచ్చినట్టే లెక్క. అధికారికి గడువు పెట్టిన ప్రభుత్వాలు తమకూ ఒకటి పెట్టుకోవాలి. భూమి తీసుకున్న ఊరికి కాలువ ఎప్పటికి, ఐటీఐ ఎప్పటికి? ఆ తేదీలు కూడా చట్టంలోనే రాయాలి.