రెండవభాగము మొదటిదానిని మించునా?

గడచిన సెలవులలో మా విద్యార్థులతో గూడి పాత సూపర్‌హీరో చిత్రములు కొన్నింటిని మరల చూచితిమి. రెండవభాగ మెన్నడును మొదటిదానికి సాటిరాదని పలువురి వాదము. మా యభిప్రాయము వేరు.

2002లో శామ్ రైమీ తీసిన 'స్పైడర్‌మాన్'లో వీరునకు శక్తి యెట్లబ్బెనో చెప్పుటకే చాల కథ చెల్లిపోయినది. 2004 నాటి రెండవ చిత్రమున కా భారము లేదు. అందు పీటరు పార్కరు ఇంటి అద్దె చెల్లింపలేడు. పిజ్జాలు వేళకు చేర్పలేక కొలువు పోగొట్టుకొనును. తుదకు శక్తియే సన్నగిల్లగా వేషమును చెత్తకుండీలో పడవైచును. పరుగిడు రైలును తన యొడలొడ్డి యాపి సొమ్మసిల్లినపుడు, ప్రయాణికు లాతనిని చేతులమీదుగా లోనికి జేర్చి, ముసుగులేని మొగము జూచి, వీడింకను పిల్లవాడే యని విస్తుపోదురు. ఇట్టి ఘట్టము మొదటి చిత్రమున లేదు. మొదటిది లేనిచో నిది పుట్టియు నుండదు.

2008 నాటి 'ది డార్క్ నైట్' సంగతియు నిట్టిదే. అయితే 1978లో అంత చక్కగా మొదలైన 'సూపర్‌మాన్' పరంపరలో 1987 నాటి నాల్గవ చిత్రము జూచినవారు మా మాట నంగీకరింపరు. అది వట్టి సాగతీత.

మనకీ వాదము క్రొత్తదా? భవభూతి మహావీరచరితమున రాముని విజయములను, ఉత్తరరామచరితమున నాతని దుఃఖమును వ్రాసెను. పండితులు రెండవదానినే తలకెత్తుకొనిరి.

సినిమాలు చూపి పిల్లలను పాడుచేయుచున్నామని తలిదండ్రులు కొందరు మమ్ము కోపించిరి. వాకిలి దాటిన పొరుగుభాషయే వినవచ్చు నీ యూర, రెండు గంటలపాటు ఆ పిల్లలు తెలుగుననే వాదులాడుకొనిరి. మరల కూర్చున్ననాడు కబురంపెదము, వచ్చి వినుడు.