తాత ఫోను, అవ్వ హాట్‌స్పాట్

మొబైల్ హాట్‌స్పాట్ అంటే ఒక ఫోనుకు అందే డేటాను చిన్న వైఫైగా మార్చి పక్కనున్న పరికరాలకు పంచడం. పంచే ఫోనుకే లేని వేగం పంచుకున్న ఫోనుకు రాదు. పెద్దవయసువారికి ప్లాను ఎంచుకునేటప్పుడు ప్రకటనలోని వేగం కన్నా వారు కూర్చునే గదిలో అందే సిగ్నలే ముఖ్యం.

ఉదాహరణకు, తమిళనాడులో తిరువళ్లూరు జిల్లా గుమ్మిడిపూండి తాలూకాలోని ఎలవూరు చెన్నై–కోల్‌కతా రహదారి మీద, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో ఉంది. ఎన్నో ఇళ్లలో మాట తెలుగు. సిమ్ము మాత్రం తమిళనాడు టెలికాం సర్కిల్‌ది. ఇలాంటి ఊళ్లలో వసారాలో 5జీ చూపిన ఫోను వంటింట్లోకి వెళ్లగానే 4జీకి దిగిపోవచ్చు. 5జీ ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ తరంగాలు కాంక్రీటు గోడలను సరిగా దాటలేవు. 700–900 మెగాహెర్ట్జ్ తరంగాలు నయం. హాట్‌స్పాట్‌లోనూ అంతే: 5 గిగాహెర్ట్జ్ కన్నా 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదైనా గోడ దాటుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనలతో కంపెనీలు కవరేజి మ్యాపులు పెట్టాల్సి వచ్చింది. ఆ మ్యాపు వీధి వరకే చెబుతుంది, వంటిల్లు సంగతి చెప్పదు. ట్రాయ్ మైస్పీడ్ యాప్‌తో సాయంత్రం రద్దీ వేళ ఆ గదిలోనే కొలిచి చూడాలి.

ఇక ధర. 2024 జులైలో ప్రైవేటు టెలికాం కంపెనీలు మూడూ రేట్లు పెంచాయి. డేటా అక్కర్లేనివారి చేత కూడా డేటా కొనిపిస్తున్నారన్న విమర్శ నడుమ, అదే ఏడాది డిసెంబరులో ట్రాయ్ కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్లానులను తప్పనిసరి చేసింది. వాటి గడువును 365 రోజుల దాకా అనుమతించింది. ఆ తర్వాత 2025లో జియో 336 రోజులకు 1,748 రూపాయలు, ఎయిర్‌టెల్ 365 రోజులకు 1,849 రూపాయలు పెట్టాయి. రెండూ రోజుకు అయిదు రూపాయల పైచిలుకే.

రోజుకు 2 జీబీ ఇచ్చే జియో 349 రూపాయల ప్లాను 28 రోజులది. దంపతులిద్దరూ అదే వేయిస్తే రోజుకు దాదాపు 25 రూపాయలు. ఒకరు కాల్స్ ప్లాను, మరొకరు డేటా ప్లాను తీసుకుని హాట్‌స్పాట్‌తో పంచుకుంటే 18 లోపే. ఏడాదికి సుమారు 2,650 రూపాయలు మిగులు. చిక్కు ఒకటే: తాత ఫోను జేబులో వేసుకుని టీకొట్టుకు వెళితే అవ్వ వీడియో కాల్ కూడా ఆయన వెంటే పోతుంది. అందుకే డేటా ఇంట్లో ఉండేవారి ఫోనులో ఉండటం మేలు. రోజువారీ కోటా అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అప్పుడు 1 ఎంబీ మనవడి ఫొటో డౌన్‌లోడ్ కావడానికే రెండు నిమిషాలు దాటుతుంది.

వయసు రాయితీల సంగతికొస్తే, అమెరికాలో టీ-మొబైల్ కంపెనీ 2017 నుంచి 55 ఏళ్లు దాటినవారికి ప్రత్యేక ప్లానులు అమ్ముతోంది. అక్కడ హాట్‌స్పాట్ వేగానికి విడిగా హద్దులుంటాయి. ఇక్కడ ఆ బెడద తక్కువ, వయసు రాయితీలూ తక్కువే. 60 దాటినవారికి బీఎస్ఎన్ఎల్ 2025 అక్టోబరులో తెచ్చిన 1,812 రూపాయల సమ్మాన్ ప్లాను ఏడాదిపాటు రోజుకు 2 జీబీ ఇచ్చింది. లెక్కకు అదే చవక. కానీ అది కొత్త కనెక్షన్లకే, అదీ నెల రోజులపాటే దొరికింది. ఏళ్ల తరబడి బీఎస్ఎన్ఎల్ నంబరే వాడుతున్న వృద్ధుడికి అందులో చోటు లేకపోయింది.