ధనుర్మాసంలో టమోటా నారు ఎవరి కోసం నాటుతున్నాం?



మొన్న చిత్తూరులో పని చూసుకోని మాపటేళ బస్సులో పైకి వస్తా ఉన్నా. బంగారుపాళెం దాకా కిటికీ తీసుకోనే కూర్చున్నా. మొగిలి ఘాట్ సగం ఎక్కేసరికి ముందు సీట్లో ముసలామె చెవులకు తువ్వాలు చుట్టుకునింది. కండక్టరు "కిటికీలు వేసుకోండబ్బా" అని అరిచినాడు. పలమనేరులో దిగితే టీ అంగడి పొయ్యి చుట్టూ జనం.

తెల్లారి లేచి చేనికి పోతా ఉంటే దారెంబడి మూడు కయ్యల్లో అప్పుడే నాటిన టమోటా నారు. ఆకులు కిందికి వాలిపోయి, కాడలు ఊదారంగు తిరిగి, మంచుకు తడిసి నిలబడుండాయి. మనుషులం కిటికీ మూసుకున్నాం. షేడ్‌నెట్ లోపల గాలి కూడా తగలకుండా పెరిగిన నెల పిల్లను తీసుకొచ్చి బయట నిలబెట్టేసినాం.

నన్ను తిట్టేవాళ్ళు తిట్టండి, నా మాట ఇది. పలమనేరు, వి.కోట, పుంగనూరు, రామసముద్రం, మదనపల్లె పక్క సంక్రాంతికి ముందు టమోటా గానీ మిరప గానీ నాటడం దండగ సేద్యం. కింద తిరుపతి, శ్రీకాళహస్తి వాళ్ళకు ఈ మాట చెప్పడంలేదు, వాళ్ళ లెక్క వేరే. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల చుట్టూ ఉంది, మనం 700 మీటర్ల కాడ ఉన్నాం. ఎత్తు ఒక్కదానికే మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. వందేళ్ళ కిందట క్షయ రోగుల ఆసుపత్రి కట్టేదానికి మదనపల్లె పక్కన ఆరోగ్యవరాన్ని ఎంచుకున్నది ఈ చల్లగాలి చూసే కదా. ఊపిరితిత్తులకు మంచిదైన గాలి టమోటా వేరుకు మంచిది కాదు. ఫోన్లో వీడియో చూసి ఎక్కడివాడో చెప్పిన తేదీకి ఇక్కడ నాటితే ఎట్లా?

నేను కూడా చేసినా ఈ పని, అందుకే చెప్తా ఉండా. నాలుగేళ్ళ కిందట ఒక నర్సరీ ఆయన "ఇప్పుడు తీసకపోకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తా, మళ్ళీ నారు దొరకదు" అంటే భయపడి డిసెంబర్ 24న ఎకరా నాటేసినా. పక్కన అరెకరాకు డ్రిప్పు పైపులు రాక ఆగిపోయింది. అది జనవరి 18న నాటినా. నా తెలివి ఏమీ లేదు, పైపులు రాలేదంతే. ముందు నాటిందాంట్లో పదిలో రెండు మొక్కలు నారుకుళ్ళుకు పోయినాయి, మళ్ళీ కొని సందులు పూడ్చినా. మిగిలినవి నెల రోజులు పెరగకుండా అట్లే కూర్చున్నాయి. మొదటి కోత మార్చి 10న. వెనక నాటిన అరెకరాలో మొదటి కోత మార్చి 19న. ఇరవై ఐదు రోజులు ముందు నాటితే తొమ్మిది రోజులు ముందు కోత వచ్చింది! ఆ తొమ్మిది రోజుల్లో రెండు కోతలు కోసినా, సగం కాయలు వంకరటింకర. రాత్రి 13 డిగ్రీల కిందికి పోతే పుప్పొడి సరిగ్గా పనిచేయదు, పూత రాలుతుంది, నిలబడిన కాయ అడుగున మచ్చలు పడి వికారంగా తయారవుతుంది. మండీలో ఆ బాక్సులు పక్కన పెట్టేసినారు. ఇరవై ఐదు రోజుల మందులు, కూలీ నేనే భరించుకున్నా.

"ముందు వస్తే ధర ఉంటుంది" అంటారు. ఎక్కడుంది? మార్చి, ఏప్రిల్‌లో కోలారు పక్క సరుకు, కింద జిల్లాల రబీ సరుకు అంతా ఒక్కసారిగా వస్తుంది. చాలా ఏండ్లు ధర పడేది అప్పుడే. 2023 జూలైలో మదనపల్లెలో కిలో రెండు వందల దగ్గరికి పోయింది, అది అందరి బుర్రల్లో కూర్చుండిపోయింది. ఆ జూలై కోత కోసినవాళ్ళు ఎండాకాలంలో నాటినవాళ్ళు. ధనుర్మాసంలో నాటిన చెట్టు జూలైకి కట్టెలు పీకేసి ఎండిపోయుంటుంది. ఎండకు కింద చేన్లు మాడిపోయినప్పుడు మన కాడ కాయ నిలబడుతుంది, అదీ మనకు దేవుడిచ్చిన ధర. దాన్ని వదిలేసి చలిలో పరుగెత్తి సరుకు ఎక్కువైన రోజుకు మండీ చేరుకుంటున్నాం.

ఇంకో మాట, ఇది నిజంగా ఆలోచించాల్సిన మాట. ఎండ ముదిరితే తెల్లదోమ వస్తుంది, ఆకుముడత వస్తుంది, అప్పటికి చెట్టు ముదిరి ఉండాలని మా మామ వాదించినాడు. సరే మామా. చలికి గిడసబారిన చెట్టు ముదిరిన చెట్టు ఎట్లవుతుంది? వయసు పెరిగింది, ఒళ్ళు పెరగలేదు. అదే నారును నెట్ కింద పెద్ద గుంటల ట్రేలో ఇంకో పది రోజులు పెంచి, గట్టిపరిచి నాటితే దోమ వచ్చేసరికి చెట్టు నిలబడుంటుంది.

గట్టిపరచడం అంటే పెద్ద విద్య కాదు. నాటే ముందు వారం రోజులు నీళ్ళు తగ్గించండి, ఆకు కొంచెం వాలినాకే పోయండి. 19-19-19 పిచికారీ ఆపేయండి. మొదటిరోజు ట్రేలను పొద్దుటి ఎండలో రెండు గంటలు పెట్టి, రోజూ కొంచెం పెంచుకుంటా పోండి. చివరి రెండు రాత్రులు బయటే. నర్సరీలో కొనేటప్పుడు పొడుగ్గా, పచ్చగా, నిగనిగలాడేది తీసుకోకండి. పొట్టిగా, కాడ లావుగా ఉండి, గుంటలోంచి లాగితే వేర్లు తెల్లగా కనిపించేది తీసుకోండి.

ఎప్పుడు నాటాలి అంటే పంచాంగం అడగొద్దు, నన్నూ అడగొద్దు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దోళ్ళు అన్నారు గానీ అంతదాకా అక్కర్లేదు. వంద రెండొందలు పెట్టి ఒక థర్మామీటరు కొని చేన్లో మోకాలెత్తున కట్టండి. తెల్లవారుజామున ఐదారు రోజులు వరసగా 15కు తగ్గకపోతే నాటండి. ఫోన్ చూపించేది టౌను లెక్క, మీ పల్లంలో ఉన్న కయ్యది కాదు. మల్చింగ్ షీటు వేసినాం కదా నేల వెచ్చగా ఉంటుందనుకోవద్దు. మనం పైకి పరిచే వెండి రంగు ఎండను వెనక్కి కొట్టేస్తుంది, మార్చిలో అది మేలు, జనవరిలో కాదు. నల్ల వైపు తిప్పేస్తే మార్చిలో లేత కాడ కాలుతుంది, ఆ పని కూడా చేయకండి.

ఇప్పటికే నాటేసినవాళ్ళు పీకేయమని అనను. మబ్బు లేని రాత్రులు చలి ఎక్కువ, ఆ మాపటేళ బోరు నీళ్ళు డ్రిప్పులో కొంచెంసేపు ఇడవండి. బోరు నీళ్ళు చలికాలం గోరువెచ్చగా ఉంటాయి, తడి నేల పొడి నేలకంటే వేడిని పట్టి ఉంచుతుంది. ఆకు మాత్రం తడపొద్దు. చెట్టు కూర్చుండిపోయింది కదా అని యూరియా వేయకండి, చల్లటి నేలలో వేరు తినలేదు. నారు తెచ్చి ఇంకా నాటనివాళ్ళు ట్రేలను రాత్రి పశువుల కొట్టంలో పెట్టి, పొద్దున తీసి బయట పెట్టండి. వారం పది రోజులు ఆగుతుంది. అంతకు మించితే గుంటలో వేర్లు చుట్టుకుపోతాయి, అందుకని రేపే ఒక ట్రేలో రెండు మొక్కలు లాగి చూసుకోండి.