ప్రాచెట్‌కు మల్లినాథులు

టెర్రీ ప్రాచెట్ నవలలను అభిమానించేవారు ఇద్దరు ఒకచోట చేరితే, ఆ ముచ్చట కాసేపటికే పరీక్ష రూపం దాలుస్తుంది. ఆ రాజ్యం పేరులోని చమత్కారం తెలిసిందా, ఆ కోట ద్వారం మీది అక్షరాలు ఏ సినిమాను గుర్తుచేస్తున్నాయో పోల్చుకున్నారా, ఆ పొట్టివాడికి ఆ పేరెందుకు పెట్టారో గ్రహించారా అంటూ ఒకరినొకరు ప్రశ్నించుకుంటారు. ఎక్కువ పట్టుకున్నవాడు పండితుడు, పట్టుకోలేనివాడు పామరుడు. ఈ ఆటలో ఆనందం లేదనను. కానీ ఆ పుస్తకాలు చదవడానికి ఇదే పరమార్థమన్నట్లు మాట్లాడేవారితో నాకు పేచీ ఉంది. ఆ పేచీ ఏమిటో చెప్పుకోవడానికే ఈ టపా.

డిస్క్‌వరల్డ్ పేరు విననివారి కోసం రెండు మాటలు. 1983లో ‘ద కలర్ ఆఫ్ మ్యాజిక్’తో మొదలై, రచయిత మరణానంతరం 2015లో వెలువడిన ‘ద షెపర్డ్స్ క్రౌన్’తో ముగిసిన 41 నవలల మాల ఇది. ఆ లోకం పళ్ళెంలా బల్లపరుపుగా ఉంటుంది. దానిని నాలుగు ఏనుగులు మోస్తుంటాయి. ఆ ఏనుగులు ఒక మహా కూర్మం వీపున నిలిచి ఉంటాయి. ఆ కూర్మం అంతరిక్షంలో ఈదుకుంటూ పోతుంటుంది.

ఇక్కడే మనకు నవ్వు వస్తుంది. ఆంగ్ల పాఠకుడు వ్యాఖ్యానం వెదుక్కుని తెలుసుకోవలసిన సంగతి మనకు ఉగ్గుపాలతోనే అందింది. ఆదికూర్మం, ఆదిశేషుడు, దిగ్గజాలు లేని ప్రబంధం తెలుగులో ఏది? అమరకోశం వల్లెవేసినవారికి ఐరావతం మొదలుకొని సుప్రతీకం దాకా ఎనిమిది పేర్లూ కంఠతా వచ్చు. భూమిని ఏనుగు, ఏనుగును తాబేలు మోస్తాయన్న భారతీయుల ఊహ ఎన్నడో ఇంగ్లండు చేరింది. జాన్ లాక్ అంతటి తత్త్వవేత్త 1690 నాటి గ్రంథంలో దానిని ఉదాహరణగా వాడుకున్నాడు. ఆ తాబేలును ఏది మోస్తోందని అడిగితే, ఏదో ఒకటి, నాకు తెలియదు అనవలసి వస్తుందని ఆయన చమత్కారం. ప్రాచెట్ ఆ ప్రశ్నను ఒక్క వేటుతో తేల్చేశాడు: తాబేలును ఎవరూ మోయనక్కరలేదు, తాబేలుకు ఈత వచ్చును! (నాలుగు ఏనుగులను ఎగవేసినందుకు మాత్రం మనం ఆయనను నిలదీయవచ్చు. ‘ద ఫిఫ్త్ ఎలిఫెంట్’ నవలలో జారి నేలకూలిన ఐదవ ఏనుగు ఐతిహ్యం ఒకటి చేర్చాడు. 1997 నాటి ‘ద ఫిఫ్త్ ఎలిమెంట్’ సినిమాపేరు మీద విసురు అది. అయినా మూడు బాకీ.)

అంటే, తాళం చెవులన్నీ ఆంగ్లేయుల దగ్గరే లేవు. ‘జింగో’ నవలలో, పరదేశపు కూర అంటే అందులో దుంపముక్కలూ ఎండుద్రాక్షా పడితీరాలని నమ్మే నగరవాసులు కనిపిస్తారు. ఇంగ్లండులో ఒక్క పూటైనా ‘కర్రీ’ అనే పదార్థం రుచి చూసిన తెలుగువాడికి ఆ హాస్యం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. మాంత్రికుల విశ్వవిద్యాలయంలో హెక్స్ అనే గణనయంత్రం ఉంటుంది. గాజుగొట్టాలలో పరుగెత్తే చీమలతో పనిచేసే ఆ యంత్రం మీద, లోపల చీమలపుట్ట ఉన్నదని తెలిపే చీటీ ఒకటి అతికించి ఉంటుంది. ‘ఇంటెల్ ఇన్‌సైడ్’ బిళ్ళ చూస్తూ బతుకు వెళ్ళదీసిన మన బ్లాగరులలో సగం మంది అక్కడ ఒక్కక్షణం ఆగి, పక్కవాడికి చూపించి ఉంటారు.

మరి మనకు అందనివి? అవీ తక్కువేమీ కాదు. ‘పిరమిడ్స్’లో ప్రాచీన ఈజిప్టును పోలిన రాజ్యం పేరు జెలిబేబీ. కథలో ఆ మాటకు జెల్ నదికి పుట్టిన బిడ్డ అని అర్థం. ఈజిప్టు నైలునది ప్రసాదమన్న హెరొడోటస్ మాట తెలిసినవారికి అదొక చమత్కారం. కానీ ఆంగ్లేయుల పిల్లలు చప్పరించే, పసిపాప ఆకారంలో ఉండే ‘జెల్లీ బేబీ’ మిఠాయి తెలిస్తే తప్ప అసలు నవ్వు పుట్టదు. అమెరికావారు అర్థం కాలేదన్నారని, వారికోసం తరువాతి నవలలో ‘హెర్షేబా’ అనే మరో రాజ్యం సృష్టించాడు. అది హెర్షీ బార్ చాక్లెట్టు. ఆ ఉచ్చారణ పట్టుకోవడానికీ కొందరు తంటాలు పడ్డారు. మన పాఠకుడికి రెండు మిఠాయిలూ పరాయివే. మరొకటి కాసనుండా అనే పొట్టి జాతివాడి పేరు. ప్రపంచపు ప్రేమికులలో తనది రెండవ స్థానమని చీటీ అచ్చువేయించుకున్న ఘనుడు. కాసనోవా పేరు చివర ఆంగ్లేయుడి చెవికి ‘ఓవర్’ వినిపిస్తుంది. ఇతడు పొట్టివాడు గనుక ‘అండర్’. పదాంతాన రేఫాన్ని మింగేసే యాస ఎరిగితేనే ఇది పండుతుంది. మనం ‘ర్’ను గట్టిగా పలికేవాళ్ళం, ఏం చేస్తాం!

సరే, ఇవి తెలియకపోతే కొంపలు మునిగాయా? మునగలేదు. ‘పిరమిడ్స్’ చదువుతుంటే ఆ రాజ్యం పిరమిడ్ల ఖర్చుకే దివాలా తీసిన వైనం, చచ్చినవారి సేవలో బతికినవారు నలిగిపోయిన తీరు మనను కట్టిపడేస్తాయి. కాసనుండా నిచ్చెన చంకన పెట్టుకుని ప్రణయానికి బయలుదేరే రకమని తెలిస్తే చాలు, నవ్వు దానంతట అదే వస్తుంది.

దీనిని మన సాహిత్య పరిభాషలో చెప్పుకుంటే సులువుగా తేలుతుంది. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గారి పేరడీలు ఉన్నాయి. శ్రీశ్రీని చదవనివాడికి శ్రీశ్రీ మీది పేరడీలో సగానికి పైగా జారిపోతుంది. అది పేరడీ దోషం కాదు, దాని స్వభావమే అది. మూలాన్ని నీడలా అంటిపెట్టుకుని ఉంటుంది. పింగళి సూరన ‘రాఘవపాండవీయము’ తీరు వేరు. ప్రతి పద్యమూ రామకథగానూ నడుస్తుంది, భారతకథగానూ నడుస్తుంది. రెండవ అర్థం తట్టనివాడి చేతిలోనూ ఒక కథ పూర్తిగా మిగులుతుంది. తట్టినవాడికి మరొకటి అదనం.

ప్రాచెట్ మొదటి రకంతో మొదలై రెండవ రకానికి ఎదిగాడని నా అభిప్రాయం. ‘ద కలర్ ఆఫ్ మ్యాజిక్’లో ఫ్రిట్జ్ లైబర్ సృష్టించిన వీరుల జంటకు వెక్కిరింత ఉంది, ఆన్ మెకాఫ్రీ డ్రాగన్లకు వెక్కిరింత ఉంది, లవ్‌క్రాఫ్ట్ భీకర దేవతలకూ ఉంది. ఆ పుస్తకాలేవీ చదవని నేటి పాఠకుడికి ఆ నవల అతుకులబొంతలా కనబడుతుంది. ఇది ఆయన అభిమానులకు రుచించని మాట అని తెలుసు. కానీ, 1988 నాటి ‘విర్డ్ సిస్టర్స్’కు వచ్చేసరికి పరిస్థితి మారింది. ఉరుములు మెరుపుల మధ్య ముగ్గురు మంత్రగత్తెలు సమావేశమవుతారు. మళ్ళీ ఎప్పుడు కలుద్దామని ఒకతె భయంకరంగా అడుగుతుంది. వచ్చే మంగళవారం తనకు వీలవుతుందని ఇంకొకతె మామూలుగా జవాబిస్తుంది. షేక్స్‌పియర్ ‘మాక్‌బెత్’ తెలిసినవాడు రెండుసార్లు నవ్వుతాడు. తెలియనివాడు ఒకసారి నవ్వుతాడు. ఎవ్వడూ గుమ్మం బయట నిలబడిపోడు.

1992లో వచ్చిన ‘స్మాల్ గాడ్స్’ ఇంకొక మెట్టు పైది. అందులో ఒక మతపీఠం లోకం గుండ్రమని శాసిస్తుంది. కాదు, బల్లపరుపు లోకం తాబేలు మీద పయనిస్తోందన్నవారిని చిత్రవధ చేస్తుంది. తాబేలు కదులుతున్నదన్న మాట తిరుగుబాటుదారుల రహస్య సంకేతం. గెలీలియో పేర ప్రచారంలో ఉన్న ఐతిహ్యాన్ని తలకిందులు చేశాడని వ్యాఖ్యాత చటుక్కున గుర్తిస్తాడు. గుర్తించి, ముందుకు సాగిపోతాడు. అక్కడే నాకు బాధ. ఆ తలకిందులు చేయడంలోనే నవల ప్రాణం ఉన్నది. గెలీలియో విషయంలో నిజం మన పాఠ్యపుస్తకాల పక్షాన ఉన్నది గనుక అతడి పక్షం వహించడం మనకు సులువు. ఇక్కడ సత్యం కోసం చచ్చేవారు చెప్పేది, మన లోకంలో పరమ మౌఢ్యంగా తోచే మాట! ఏది నిజమన్నది కాదు, నిజమని తోచినదానిని చెప్పినందుకు మనిషిని కొలిమి మీద పెట్టవచ్చునా అన్నది ప్రశ్న. డిడాక్టిలస్ అనే గుడ్డి తత్త్వవేత్తను తన గ్రంథం తప్పని ఒప్పుకోమంటారు. అతడు మారుమాటాడకుండా ఒప్పుకుంటాడు, 1633లో గెలీలియో ఒప్పుకున్నట్లే. ఆ వెంటనే చేతిలోని లాంతరును విచారణాధికారి మీదికి విసిరి పారిపోతాడు. ఆ లాంతరు పట్టపగలు దీపం పట్టుకు తిరిగిన డయోజనీస్‌దని టిప్పణి రాయవచ్చు, రాయాలి కూడా. కానీ టిప్పణి దగ్గరే ఆగినవాడు ఆ విసురులోని కోపాన్ని చూడలేదు. ప్రాచెట్ హాస్యం అడుగున కోపం కుతకుత ఉడుకుతుంటుంది. దానిని చూడకుండా పేర్ల జాబితా మాత్రం కూర్చుకోవడం, పెళ్ళికి వెళ్ళి వంటపాత్రలు లెక్కపెట్టుకుని రావడం వంటిది.

ఇక లేనివి చూసే జబ్బు సంగతి. కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మన తెలుగువాడు. మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన పెట్టుకున్న నియమం లోకప్రసిద్ధం. చెడ్డ వ్యాఖ్యల విషంతో మూర్ఛపోయిన కవివాక్కును బ్రతికించడానికే తన వ్యాఖ్య అని కూడా చెప్పుకున్నాడు. ప్రాచెట్ పాఠకులలో ఈ నియమం పాటించేవారు అరుదు. రెండు పేర్లు కాస్త ధ్వనించేసరికి ప్రస్తావన దొరికిందంటారు. దీనికి ఒక పూర్వపక్షం లేకపోలేదు. రిన్స్‌విండ్ అనే పిరికి మాంత్రికుడి పేరు బీచ్‌కోంబర్ అనే కలంపేరుతో జె.బి. మోర్టన్ రాసిన హాస్యశీర్షికలలోనిదని ఒక పాఠకమిత్రుడు బయటపెట్టాడు. ప్రాచెట్‌కే ఆ సంగతి గుర్తు లేదు. పదమూడేళ్ళ ప్రాయంలో చదివి మరచిపోయిన పుస్తకాలను మళ్ళీ తిరగేసి చూస్తే ఆ పేరు అక్కడ ఉన్నదట. కనుక రచయిత దాచని ప్రస్తావనలూ ఉండవచ్చు. నిజమే. అయితే ఆ పాఠకుడు చూపినది పుటలో అచ్చయి ఉన్న పేరు, తన బుర్రలో పుట్టిన పోలిక కాదు. మల్లినాథుడు ఒప్పుకునే ఆధారం అది.

అన్నిటికంటె నన్ను కదిలించిన ప్రస్తావన ‘గోయింగ్ పోస్టల్’ (2004) లోనిది. ఆ లోకానికి తంతి లేదు. గోపురాల మీది పలకలను తెరుస్తూ మూస్తూ, గోపురం నుంచి గోపురానికి వార్త పంపే ‘క్లాక్స్’ ఉన్నాయి. 1794లో పారిస్, లీల్ నగరాల మధ్య క్లాడ్ షాప్ నెలకొల్పిన దృశ్యతంతి దీనికి పూర్వజ. పనిలో మరణించిన సహోద్యోగి పేరును గోపురాలవారు జి, ఎన్, యు అనే మూడు అక్షరాల సంకేతంతో పంపుతారు. ముందుకు పంపు, దస్త్రంలో రాయకు, చివరి గోపురం చేరాక వెనుకకు తిప్పు అని వాటి అర్థం. ఆ పేరు ఆ గోపురాల మధ్య ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఆ మూడక్షరాలు చూడగానే మనవాళ్ళకు రిచర్డ్ స్టాల్మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గుర్తుకు వస్తుంది. తన పేరులో తననే ఇముడ్చుకున్న ఆ జి.ఎన్.యు. ప్రకటించబడినది కూడా 1983లోనే. ఇది ఇంజినీర్ల కోసం దాచిన చతురు. చతురు అన్నంత మాత్రాన దుఃఖం తగ్గలేదు, తెలియనివారికి కథా కుంటుపడలేదు.

2015 మార్చి 12న ప్రాచెట్ కన్నుమూశాడు. అప్పుడు ఆయన పాఠకులు ఆ సంకేతాన్ని ఆయన పేరుకు ముందు చేర్చి తమ సర్వర్లలో పెట్టుకున్నారు. పుట కోరినవారికి పుటతో పాటు, కంటికి కనబడని శీర్షికలలో ఆ పేరు కూడా వెళుతుంది. చదివేవాడికి తెలియదు. తెరచాటున చూడగల నేర్పు ఉన్నవాడికే కనబడుతుంది. వ్యాఖ్యాతలను ఇంతసేపు దెప్పిపొడిచాను గానీ, ఇలాంటిది ఒకటి చేయగలిగినవారు కూడా వారే, ఒప్పుకోవాలి.

కొత్తగా చదవదలచినవారికి ఒక మనవి. మొదటి నవలతో మొదలుపెట్టకండి. ‘గార్డ్స్! గార్డ్స్!’ గానీ ‘స్మాల్ గాడ్స్’ గానీ తీసుకోండి. మొదటిసారి టిప్పణుల జోలికి పోకుండా ఏకబిగిన చదవండి. (ప్రాచెట్ స్వయంగా రాసిన అధోజ్ఞాపికలను మాత్రం వదలకండి, కొన్నిచోట్ల కథకంటె అవే మిన్న.) ‘గార్డ్స్! గార్డ్స్!’లో కావలి దళపు కోట ద్వారం మీది లాటిన్ నినాదంలో అక్షరాలు రాలిపోగా మిగిలినది క్లింట్ ఈస్ట్‌వుడ్ పోలీసు పాత్ర ధోరణిలో వినిపిస్తుంది. రెండవసారి చదివేటప్పుడు అది ఎలాగో మీరే తేల్చుకోండి. నేను చెప్పను.