చేతులు మారు కఱ్ఱ

ఎమ్మిగనూరులో మిద్దె వేయుచోట కూలీలు వరుసగా నిలిచి కాంక్రీటు తట్టలందించుకొనుట చూడుడు. ఇచ్చువాని లయ పుచ్చుకొనువానికి తెలియును. కావుననే తట్ట జారదు. నలుగురు తలకు 100 మీటర్లు పరుగెత్తు రిలే పందెమును అట్టిదే. అయినను జట్టునేర్పరచువారు నలుగురు వేగవంతులను వెదకి, అంతటితో పని తీరినదనుకొందురు. ఇది పొరపాటు.

కఱ్ఱ 30 మీటర్ల హద్దులోనే చేతులు మారవలెను. నేలపై ముందే పెట్టుకొన్న గుర్తును తోటివాడు చేరగానే అందుకొనువాడు పరుగు మొదలిడి, ఇక వెనుదిరిగి చూడక, పిలుపు వినబడినంతనే చేయి వెనుకకు చాపవలెను. తొందరపడినచో కఱ్ఱ అందకముందే హద్దు దాటిపోవును. ఆలసించినచో వచ్చువాడు మీదపడును. ఆ గుర్తు ఎన్ని అడుగుల దూరమున నుండవలెనో ఇద్దరును పలుమారులు పరుగెత్తియే తేల్చుకొనవలెను.

2016 రియో ఒలింపిక్ క్రీడలలో జపాను జట్టు 37.60 సెకండ్లలో రజతము గెలిచెను. ఆ నలుగురిలో ఒక్కడును అప్పటికి 100 మీటర్లను 10 సెకండ్లలోపు పరుగెత్తినవాడు కాడు! వేగవంతులున్న అమెరికా జట్టు మూడవదిగా వచ్చియు, హద్దు మొదలు కాకముందే అందుకొనువాని చేయి కఱ్ఱకు తగిలినందున పతకము పోగొట్టుకొనెను.

ఆదోని నల్లరేగడి నేలపై సున్నముతో రెండు గీతలు గీచినచో ఈ అభ్యాసమునకు చాలును. కఱ్ఱ జారిననాడు అందరును ఒక్క బాలుని నిందింతురు. నెలనాళ్లు ముందుగా ఆ ఇద్దరిని కలిపి పరుగెత్తింపనివారిని ఎవరును అడుగరు.