దైవానుభూతి – మెదడు శాస్త్రము

హిమాయత్‌నగరులోని బాలాజీ ఆలయము నుండి నాంపల్లి యూసుఫైన్ దర్గాకు నడిచి పోవుటకు గంటకు మించి పట్టదు. దారిలో ఆబిడ్స్‌లో సెయింట్ జార్జి చర్చి కలదు. కొంచెము ప్రక్కకు మళ్ళినచో నౌబత్ పహాడ్ మీద 1976లో పూర్తియైన బిర్లా మందిరము, దాని చెంతనే 1985లో ప్రారంభమైన ప్లానెటేరియము కనిపించును. దేవుని దర్శింపబోవువారును, గ్రహములను చూడబోవువారును ఒకే గుట్ట నెక్కుచుందురు. వారి మధ్య తగవేమియు లేదు. నేటి తగవు ఆకాశమును గురించి కాదు, మన తలలోని మెదడును గురించి.

భక్తుని అనుభూతి మెదడులోని విద్యుత్ప్రసారమేనని, అంతకు మించి ఏమియు లేదని చదువుకొన్న యువకులు కొందరు తేల్చివేయుచున్నారు. అట్టి పరిశోధనయే దైవదూషణమని పెద్దలు కొందరు కోపించుచున్నారు. మా అభిప్రాయమున ఉభయులును తొందరపడుచున్నారు.

1924లో జర్మను వైద్యుడు హాన్స్ బెర్గర్ మానవుని మెదడు విద్యుత్తరంగములను మొదటిసారి నమోదు చేసెను. ఆ తరువాత సాధనములు చాల పెరిగినవి. అమెరికా వైద్యుడు ఆండ్రూ న్యూబర్గ్ 2001లో ఎనిమిదిమంది బౌద్ధ ధ్యానుల మెదడులలో రక్తప్రసారమును పరిశీలించి ప్రకటించెను. ఏకాగ్రతకు సంబంధించిన ముందు భాగము చురుకుగా నుండుటయు, తన దేహమెక్కడ ముగియుచున్నదో తెలుపు వెనుక పై భాగమున మార్పు కలుగుటయు ఆయన గమనించెను. 2006లో కెనడాలో మారియో బోరెగార్డ్ పదునైదుగురు క్రైస్తవ సన్యాసినులను పరీక్షించెను. దేవుడు మనము పిలిచిన గడియకు వచ్చువాడు కాడని వారు చెప్పగా, పూర్వానుభూతిని స్మరింపుమని మాత్రమే ఆయన కోరవలసి వచ్చినది! ఆ స్మరణలో మెదడున ఒక భాగము కాదు, అనేక భాగములు పాల్గొన్నవి. కాగా ‘దేవుని స్థానము’ అని వేలు పెట్టి చూపదగిన చోటేదియు దొరకలేదు.

కెనడాకే చెందిన మైకేల్ పెర్సింజర్ బలహీనమైన అయస్కాంత క్షేత్రముల శిరస్త్రాణముతో ఎవరో అదృశ్యముగా చెంత నున్నట్టి భావమును పుట్టింపవచ్చునని చెప్పెను. పత్రికలు దానిని ఎంతో కొనియాడినవి. కాని క్షేత్రము నడచుచున్నదో లేదో పరీక్షించువారికిగాని, కూర్చున్నవారికిగాని తెలియకుండ స్వీడనులో 2005లో చేసిన పరీక్షలో అయస్కాంతమునకు ఏ ప్రభావమును కనబడలేదు. సూచనకు తేలికగా లోబడు స్వభావము గలవారికే అనుభూతులు కలిగినవి.

శరీరము లేకుండ అనుభూతి కలుగునని మన సంప్రదాయము ఎన్నడైన చెప్పినదా? యోగులు ప్రాణాయామమును నేర్పిరి. కవ్వాలీ వినుటకు తగిన కాలము, తగిన స్థలము, తగిన సహవాసులు ఉండవలెనని సూఫీలు నియమించిరి. డోలకు దెబ్బ, పదము యొక్క పునరావృత్తి, శ్వాస – ఇవి ‘హాల్’ను తెచ్చునని దర్గా అరుగు మీద కూర్చుండు ముదుసలికి తెలియును. శాస్త్రజ్ఞుడు దానికి కొలతలు చేర్చుచున్నాడు. మంచిదే.

ఇక కొలత తేల్చలేనిది ఏది? మన తెలుగువారి నిద్దరినే తీసికొందము. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తికి 1922లో కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో మెడయందును తలయందును భరింపరాని బాధ కలిగి, పిమ్మట అపారమైన శాంతి లభించినది. ఆయన జీవితమే మారిపోయెను. మచిలీపట్టణములో 1918లో జన్మించిన యు.జి. కృష్ణమూర్తికి 1967లో స్విట్జర్లాండులో దేహమంతయు తలక్రిందులైనట్టి మార్పు కలిగెను. ఆయన దానిని ‘విపత్తు’ అని పిలిచి, అది శారీరకమేగాని ఆధ్యాత్మికము కాదని జీవితాంతము వాదించెను. ఇరువురి మెదడులను ఏ యంత్రము క్రిందనైన ఉంచి యుండినచో ఆ మార్పులు పటములో పడియుండెడివేమో. వాని అర్థమును గూర్చిన తీర్పు మాత్రము పటములో పడదు.

చార్మినారును చూచునపుడు మెదడులో దృష్టికి సంబంధించిన భాగము పనిచేయును. అంతమాత్రమున చార్మినారు లేదనము. కలలో చార్మినారు కనిపించినపుడును ఆ భాగములు మేల్కొనును. అంతమాత్రమున అది పడకగదిలో వెలసినదనియు అనము. కావున మెదడు పటమును చూపి దేవుడు లేడనువాడును, అదే పటమును చూపి దేవుడున్నాడని చాటువాడును ఒకే తప్పు చేయుచున్నారు. రెండవ రకపు ఉపన్యాసములకు మన పట్టణమున చప్పట్లు ఎక్కువ!

రోగనిర్ణయమును ఆయుధముగా వాడుట కూడ క్రొత్త కాదు. మహాప్రవక్తకు మూర్ఛరోగమని తొమ్మిదవ శతాబ్దిలోనే థియోఫనీస్ అను బైజాంటియ రచయిత వ్రాసెను. ఆనాడు మెదడు శాస్త్రమే లేదు, ద్వేషము మాత్రముండెను. ఎన్నడో గతించిన వ్యక్తికి ఏ పరీక్షయు లేక రోగమంటగట్టుట వైద్యము కాదు. అనుభూతి విలువను దాని పుట్టుకతో కాక ఫలితముతో కొలువవలెనని విలియం జేమ్స్ 1902లోనే వాదించెను. మత్తు లక్షణములు తెలిసిన వైద్యుడు వేరు, మత్తులోనున్నవాడు వేరని ఇమాం గజాలీ అంతకు ఎనిమిది వందల ఏండ్లకు పూర్వమే వివరించెను. అయితే ఆ ఉపమానములో వైద్యునికిని చోటున్నదని మనవారు మరచుచుందురు.

ఈ మరపు ప్రాణములు తీయును. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా సమీపమున, ప్రైవేటు వ్యక్తులు నడుపు మానసిక రోగుల ఆశ్రమము అంటుకొని, సంకెళ్ళలో నున్న 28 మంది రోగులు కాలి మరణించిరి. గాలి సోకినదని, అసర్ అని తెచ్చిన బిడ్డలు! మూర్ఛకు మందులున్నవి; మందు వాడుచున్న రోగులలో అత్యధికులకు మూర్ఛలు అదుపులోనికి వచ్చును. తావీజు కట్టించుకొన్నవాడు మాత్ర మ్రింగరాదని ఏ గ్రంథము చెప్పినది?

మా కోరిక చిన్నది. కళాశాల సంఘమువారు వచ్చే సంవత్సరము నాడీవైద్యుని నొకరిని, ఆలిమ్ నొకరిని ఒకే వేదికపై కూర్చుండబెట్టి, ఉర్దూ, తెలుగు విద్యార్థులందరి యెదుట ఈ విషయముపై మాట్లాడింపవలెను. ప్రశ్నలు విద్యార్థులే వేయవలెను. తరగతిలో మూర్ఛ వచ్చి పడిపోయిన తోటివానిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెననియు, నోటిలో తాళపుచెవియో చెంచాయో దూర్చరాదనియు ఆ వైద్యునిచేతనే ముందుగా చెప్పింపవలెను.