స్కోర్ ఎంత అని కాదు, ఆక్సిజన్ ఎంత అని అడగండి



దగ్గు, జ్వరాల సీజన్ రాంగానే మన గ్రూపుల్లో పాత మెసేజ్ మళ్లీ తిరుగుతా ఉంది: "వెంటనే సిటీ స్కాన్ తీయించుకోండి, స్కోర్ చూసుకోండి." దీన్ని మేం ఒప్పుకోం.

2021 మే నెల గుర్తు తెచ్చుకోండి. అగళి చుట్టుపక్కల తండాల నుంచి మనోళ్లు ఆయాసంతో మడకశిర దాటి హిందూపురం దాకా పోతే, బెడ్డు కోసం నిలబడిన చోట ముందు వినిపించిన మాట "స్కోర్ ఎంత?" ప్రభుత్వం ప్రైవేటు స్కాన్ ధర 3,000 రూపాయలకు కట్టడి చేసింది, నిజమే. ఆ ఏడాది ఉపాధి కూలి రోజుకు 245. అంటే 12 రోజుల కూలి, కారు బాడుగ వేరే.

ఇంతా చేసి ఆ స్కోర్ ఏంది? ఊపిరితిత్తుల్లో ఐదు భాగాలు, ఒక్కోదానికి 5 మార్కులు, మొత్తం 25. జబ్బు ఎంత మేర పాకిందో చూపే ఫోటో, అంతే. మొదటి రెండు మూడు రోజుల్లో తీస్తే ఏమీ కనపడకపోవచ్చు. లక్షణాలే లేనోళ్లకు మచ్చలు కనపడి, వాటంతట అవే పోవచ్చు. తేలికపాటి జబ్బుకు స్కాన్ వద్దని ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా 2021 మే 3నే చెప్పినారు. అయినా స్కోర్ చూసి భయపడి స్టెరాయిడ్లు మింగినోళ్లు ఎంతమంది! ఆక్సిజన్ అవసరం లేనోళ్లకు డెక్సామెథాసోన్‌తో లాభం లేదని బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ 2020లోనే తేల్చింది.

స్కోర్ పెరిగేకొద్దీ రక్తంలో సీఆర్‌పీ, డీ-డైమర్, ఎల్‌డీహెచ్ కూడా మామూలుగా పెరుగుతాయని ఎన్నో పరిశోధనలు చెప్తున్నాయి. మేం దీన్ని ఇట్లా చదువుతున్నాం: రక్తం సీసా బైక్ మీద హిందూపురం పోగలదు, ఆయాసపడే అవ్వ పోలేదు. సీఆర్‌పీ ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం, టీబీకీ అది పెరుగుతుంది. రెండు మూడు రోజులకు మళ్లీ చేసి, ఎటు పోతా ఉందో డాక్టర్ చూడాలి. డాక్టరే స్కాన్ కావాలంటే తీయించుకోండి, దానికి మేం అడ్డం కాదు.

అన్నిటికన్నా ముందు ఆక్సిమీటర్. 94 కన్నా తగ్గితే ఆస్పత్రికి పోవాల్సిందే. బాగుంటే ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడాలి. ఇంకోటి, ఇది మనకెవరూ చెప్పలేదు: నల్లటి చర్మం మీద ఈ మిషన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపొచ్చని 2020 డిసెంబర్‌లో అమెరికా పరిశోధకులు బయటపెట్టినారు. కాబట్టి మన వేళ్లకు 95 చూపించినా, ఆయాసం ఉంటే ఆయాసాన్నే నమ్మండి.

మేం అడిగేది ఇంతే. అగళిలోనే రక్తం తీసుకుని, అదే రోజు రిపోర్టు ఫోన్‌కు పంపాలి. ప్రతి తండాలో ఆశా అక్క చేతిలో పనిచేసే ఆక్సిమీటర్ ఉండాలి. సోమవారం పుట్టపర్తి కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం. సంతకం పెట్టేవాళ్లు ఆదివారం సాయంత్రంలోగా కింద మీ తండా పేరు రాయండి.